ఉప్పువాళ్ల పిల్లాడు

శవాన్ని మోసుకొస్తున్నవాళ్ల ముందు ఊరంతా పాడుకుంటూ నడుస్తోంది. నెత్తిన ఖర్జూరపు మట్టల మోపుతో ఎదురొస్తున్న తెహాత్ అలవాటు కొద్దీ కాలవ గట్టు దిగి పక్కకు నిలబడింది. ఉప్పువాళ్లు ఎదురైతే ఊరివాళ్లు తప్పుకోరు, ఉప్పువాళ్లే తప్పుకోవాలి. శవాలను ఎడారి ఉప్పులో ఆరబెట్టి, నూనె పూసి, అవిసె నార బట్ట చుట్టడం వాళ్ల కులవృత్తి. పంట నేల అయిపోయి ఇసుక మొదలయ్యే చోట, ఊరికి ఎడంగా వాళ్ల ఇళ్లు. ఆ ఇళ్లలో ఇప్పుడు మిగిలింది తెహాత్ ఒక్కతే.

అందరికన్నా ముందు చర్చి పెద్ద పాపా సూరోస్ ధూపం ఊపుకుంటూ వస్తున్నాడు. మనిషి సన్నగా ఉన్నాడు, గడ్డం చక్కగా, కళ్లు ఎర్రగా ఉన్నాయి. పాపం, ఆయన బాధ ఆయనది. నది అవతలి ఊరికి ఒక హతసాక్షి ఉన్నాడు. క్రీస్తును వదలమంటే వదలక పాత చక్రవర్తి కాలంలో తల నరికించుకున్న మహానుభావుడు. పండగ వస్తే చాలు, ఈ ఊరి గొర్రెలు, ఈ ఊరి నూనె, ఈ ఊరి ఆడవాళ్లు అంతా పడవెక్కి ఆయన దగ్గరికే పోతారు. తన చర్చిలో గబ్బిలాలతో కూర్చున్న పాపా సూరోస్ ఎన్నాళ్లని ఓర్చుకుంటాడు? మొన్న ఒక గొర్రెల కాపరి ఇసుక దిబ్బ మీద వెలుగు కనిపించిందన్నాడు. కాపరికి ఏం కనిపించిందో గానీ, పాపాకి దారి కనిపించింది. తవ్వించాడు.

"కుళ్లలేదు! చూడండ్రా, గోరైనా రాలలేదు!" అని పాపాకి చర్చిలో సాయముండే డీకన్ పామీన్ గొంతు చించుకుంటున్నాడు. "మామూలు మనిషైతే ఈపాటికి మట్టైపోడూ? పరిశుద్ధుడు కాబట్టే ఇలా ఉన్నాడు!"

తెహాత్‌కి నవ్వొచ్చినంత పనైంది. ఉప్పు సరిగ్గా పడితే దొంగైనా ఇలాగే ఉంటాడు. పొట్ట దగ్గర ఉప్పు తగ్గనివ్వకుండా, వాసన కాయలు చంకల్లో నింపి, తడి మొత్తం లాగేదాకా కాపలా కాస్తే పన్నులు వసూలు చేసేవాడు కూడా పరిశుద్ధుడే. ఎవరి చేతి పనో, బాగా చేశారు అనుకుంది.

మోసేవాళ్లు ఆమె ముందుకొచ్చారు. శవాన్ని తలుపు చెక్క మీద పడుకోబెట్టి తెస్తున్నారు. జనం ముద్దు పెట్టుకోడానికని పాదాల దగ్గర కట్టు విప్పేశారు. ఎడమ పాదంలో రెండో వేలు బొటనవేలి మీదికి ఎక్కి ఉంది.

నీళ్ల చక్రం తిప్పే ఎద్దు తొక్కితే అలా అయింది. వాడికప్పుడు పాలపళ్లు ఊడుతున్నాయి. ఏడుస్తుంటే ఆ వేలును నోట్లో పెట్టుకుని ఊదింది తెహాత్.

మోపు ఎప్పుడు జారిందో తెలియలేదు. మట్టలు కాలవలో పడి కొట్టుకుపోతుంటే, వెనకాల వస్తున్న ఎవరో, "ఏమే, ఉప్పుదానా, నిలబడి చూస్తావేం? మోకాళ్ల మీద పడు!" అని కసిరారు. ఆమె అప్పటికే మోకాళ్ల మీదే ఉంది.

జనం భోజనాలకు ఇళ్లకు పోయాక, ఎర్రటి ఎండలో ఆమె దిబ్బకు వెళ్లింది. తవ్వినవాళ్లకు కనీసం పూడ్చిపోవాలన్న జ్ఞానం లేదు. ఆమె గుర్తుగా తలకిందులుగా పాతిపెట్టిన అడుగు లేని కుండ రెండు ముక్కలై పడి ఉంది. ఆ కుండ గుండానే ఆమె వారం వారం నీళ్లు పోసేది. పోస్తూ పేరు పెట్టి పిలిచేది. "పహోర్, నీళ్లు తెచ్చాను. పహోర్, తాగు నాన్నా." ఆమె తల్లి, తల్లికి తల్లి నేర్పిన పద్ధతది. చచ్చినవాడికి ఒళ్లు చెడకుండా ఉండాలి, పేరు పిలిచే నోరు ఒకటి ఉండాలి. ఒళ్లు పోతే సగం చావు, పేరు పోతే మిగతా సగం. పాపా సూరోస్ చెప్పేది కూడా ఆమెకు ఇంచుమించు అలాగే వినిపించింది. చివరి రోజున ప్రభువు పేరు పెట్టి పిలుస్తాడట, ఒళ్లు లేచి వస్తుందట. అది విన్న రోజే ఆమె, ఇదేదో మన ఇంటి మాటలా ఉందే అనుకుని, కొడుకును వెంటబెట్టుకుని చర్చి గుమ్మం దగ్గర నిలబడింది.

గుమ్మం దాటనిచ్చింది లేదు. బాప్తిస్మానికి ఈ ఏడు కాదు, పై ఏడు అంటూ వచ్చారు. శవాల పని మానేయమంటే మానేసి తాళ్లు పేనుకుంది. చివరికి కొడుకు వంతు వచ్చింది. పాపా సూరోస్ తానే వాడి పేరడిగి, ప్రభువు తిరిగి లేచిన పాస్కా పండగకు నీళ్లలో ముంచుతానన్నాడు. పండగ ఇంకా వారం ఉందనగా జ్వరంతో పోయాడు. అప్పుడు పాపా ఆమె గుమ్మం దగ్గరికి వచ్చి, లోపలికి మాత్రం రాకుండా అన్న మాట ఆమెకు ఇప్పటికీ చెవిలో ఉంది. "నీళ్లు పడనివాడు తెహాత్. మన స్మశానంలో చోటివ్వలేను. నీవాళ్ల దిబ్బలోనే పెట్టుకో." అది మూడు వరదల కిందటి సంగతి, మూడేళ్లయింది.

దిబ్బలో పెట్టుకుంది. మానేసిన పనికి చివరిసారి చేతులు పెట్టింది. ఇంత బాగా ఎవరికీ చేయలేదు. ఆ బాగా చేయడమే ఇప్పుడు కొంప ముంచింది.

మర్నాడు తెహాత్ తగోషే ఇంటికి వెళ్లింది. ఆ గుమ్మంలో ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లుంటారు. బుట్టలల్లే ముసలిది తగోషే, తెహాత్ పేనిన తాళ్లు కొనే మనిషి ఊరిలో అదొక్కతే. కూర్చోమనదు గానీ, గడపవతల నిలబడితే వెళ్లిపొమ్మనదు. గోడ గూట్లో ఒక మట్టి బొమ్మ. బిడ్డకు పాలిస్తున్న తల్లి. తగోషే నాయనమ్మ కాలంలో ఆ తల్లి పాత దేవత, నెత్తిన కొమ్ములుండేవి. తగోషే వాటిని అరగదీసి, నుదుటి మీద మసితో శిలువ గీసి, ఇప్పుడు మరియమ్మ అంటోంది. తల్లి మాత్రం ఏమీ పట్టనట్టు బిడ్డకు పాలిస్తూనే ఉంది.

"విన్నావా?" అంది తగోషే, చేతిలో అల్లిక ఆపకుండా. "పరిశుద్ధుడి పేరు తెలియాలిట. ఊరంతా ఉపవాసం ఉండాలిట. ఎవరో ఒకరికి కల్లోకొచ్చి ఆయనే తన పేరు చెప్తాడట. మా కోడలు రాత్రే కల కనేసింది. వెధవ మొహం, ఉల్లిపాయలు తిని పడుకుంది, ఆవిడకి ఉపవాసమేంటి, కలేంటి?"

"ఏం పేరు చెప్పాడట?" అని తెహాత్ అడిగింది.

"వాళ్ల పుట్టింటి తాత పేరు. ఇంకేం చెప్తాడు?" తగోషే పకపకా నవ్వింది. "కుమ్మరివాడి పెళ్లాం ఇంకో పేరంటోంది. ఎవరి తాత వాళ్లకి పరిశుద్ధుడు. చివరికి పాపా పెట్టిందే పేరు. విక్టర్ అంటాడట. ఎదురూరాయన లాంటి మంచి పేరు. నీకేమైంది? మొహం అలా పెట్టావేం?"

"తాళ్లు ఆరలేదక్కా. రేపు తెస్తాను."

"నీ పిల్లాడు గుర్తొచ్చాడా?" తగోషే గొంతు కాస్త తగ్గించింది. "ఉప్పు పిల్లాడు మంచివాడే. మా బుట్టలు రేవుకి మోసేవాడు. వాడి పేరేదో ఉండాలి... ఏం పేరే?"

తెహాత్ గూట్లో తల్లి వైపు చూసింది. కొడుకు పుట్టి, పెరిగి, ఈ ఊరి బుట్టలు మోసి, ఈ ఊరి ఎద్దు చేత తొక్కించుకుని, చచ్చి ఈ ఊరి చర్చిలో దీపాల మధ్య పడుకున్నాడు. ఇంతవరకు ఎవరూ అడగని పేరు అడగడానికి ఇదా సమయం?

"ఎందుకులే అక్కా," అని వెళ్లిపోయింది.

దారి పొడుగునా ఆమె మనసు రెండు వైపులా లాగింది. చెప్పేస్తే? అది నా కొడుకు, ఉప్పువాళ్ల పిల్లాడు, మీ పరిశుద్ధుడు కాదు అంటే? అదే తలుపు చెక్క మీద వాణ్ణి తెచ్చి నక్కలకు విసిరేస్తారు. ఆమెను కూడా రాళ్లతో కొట్టినా కొడతారు. చెప్పకపోతే? వాడికి దీపం, ధూపం, పాట, గట్టి గోడలు. తడి తగలదు, నక్క తవ్వదు. ఏ రాణి కొడుక్కి దొరుకుతుంది ఆ భోగం? కానీ విక్టర్ అవుతాడు. ఊరంతా విక్టర్, విక్టర్ అని పిలుస్తుంటే, ఆ పిలుపు ఎవడో విక్టర్ అనేవాడికి పోతుంది. పహోర్ అనేవాడు దాహంతో మూలన నిలబడి ఉంటాడు.

ఆ మర్నాడు డీకన్ పామీన్ ఇసుకలో కాళ్లీడ్చుకుంటూ ఆమె గుడిసెకు వచ్చాడు. ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని దూరంనుంచే కేకేశాడు.

"పాపా రమ్మంటున్నాడు. చేతులు శుభ్రంగా కడుక్కుని రా."

సంగతేమిటంటే, భక్తి మరీ ముదిరింది. ముద్దు పెట్టుకోడానికి వంగినవాళ్లు తలా ఒక దారం పీక్కుపోతున్నారు. పిల్లల మెడలో కట్టడానికట. మోకాళ్లదాకా కట్టు ఊడిపోయింది. ఇలాగే వదిలేస్తే ఆదివారానికి పరిశుద్ధుడు బట్టల్లేకుండా మిగులుతాడు. మళ్లీ చుట్టడం ఊళ్లో ఇంకెవరికీ చేతకాదు.

చర్చి పక్క గదిలోకి ఆమెను తీసుకెళ్లారు. ఎన్నో ఏళ్లుగా గుమ్మం బయట నిలబడ్డ మనిషికి లోపల ఇంత చల్లగా ఉంటుందని తెలియదు. పాపా సూరోస్ గోడకానుకుని నిలబడ్డాడు.

"ఈ ఒక్కసారికే తెహాత్. నీ చేతుల పాపం నేను భరిస్తాను."

"సరే పాపా."

ఆమె నూనె అడిగింది, పాత అవిసె బట్ట అడిగింది. బట్టను పంటితో కొరికి నిలువునా చించింది. ముద్దులకోసం విప్పి ఉంచమన్న పాదాలకు ముందు నూనె పూసింది. ఆ వేలి దగ్గర చెయ్యి ఆగబోతే బలవంతాన ముందుకు నడిపించింది. కాలి కింద అరచెయ్యి పెట్టి ఎత్తితే బరువే లేదు. చిన్నప్పుడు జ్వరమొచ్చినప్పుడు కూడా ఇంత తేలిక లేడు. ఆమె ఏడవలేదు. పని చేసేటప్పుడు ఏడిస్తే కన్నీటి తడి బట్టకు పడుతుంది, బట్ట పాడవుతుంది. తల్లి కొట్టి మరీ నేర్పింది.

కట్టు గుండె దాకా సర్దుతుంటే పైపొర పక్కకు జరిగింది. కింద ఎర్ర దారంతో కుట్టిన గుర్తు బయటపడింది. నిలువు గీత, అడ్డగీత, పైన గుండ్రటి ఉచ్చు. పాత గుళ్ల గోడల మీద ప్రతి దేవుడి చేతిలోనూ ఉండే ప్రాణం గుర్తు. పాపా సూరోస్ ముందుకు వంగాడు.

"శిలువ!" అన్నాడు. ఆయన గొంతు నిజంగానే వణికింది. "గుండె మీద శిలువ పెట్టుకుని చచ్చాడు పామీన్, చూడు!"

డీకన్ మోకాళ్ల మీద పడిపోయాడు. తెహాత్ పైపొరను మళ్లీ సర్దింది. అందులో ఏం అబద్ధముంది? బతకాలనే కదా కుట్టింది.

చివరి ముడి వేసేటప్పుడు మాత్రం ఆమె చెయ్యి ఆమెను పట్టిచ్చింది. తెహాత్‌ది ఎడమ చేతి వాటం. అందరి ముడులూ ఒక వైపు తిరిగితే ఆమె ముడి రెండో వైపు తిరుగుతుంది. భుజం దగ్గర మూడు వరదల కిందటి ముడి ఒకటి చెక్కు చెదరకుండా ఉంది. ఇప్పుడు వేసిన ముడి దాని పక్కనే పడింది. రెండూ కవల పిల్లల్లా ఉన్నాయి.

పాపా సూరోస్ ఆ ముడిని చూశాడు, ఈ ముడిని చూశాడు. తర్వాత ఆమె చేతుల్ని చూశాడు. ఆయన మొహంలో రక్తం దిగిపోవడం ఆమెకు కనిపించింది.

"పామీన్, బయటికి వెళ్లు," అన్నాడు.

ఇద్దరే మిగిలారు. ఇద్దరంటే ముగ్గురు.

"ఎదురూరి బిషప్ మనిషి ఆదివారం వస్తున్నాడు," అన్నాడు పాపా, ఆమె వైపు చూడకుండా. "ఊళ్లో తగాదాలు మానేసి అందరూ ఒక్కటయ్యారు. పాతగుడికి చాటుగా పోయేవాళ్లు కూడా ఇక్కడికి వస్తున్నారు. నిన్న ఒక గొడ్రాలు రాత్రంతా పాదాల దగ్గర ఏడ్చింది. నీకర్థమవుతోందా నేను చెప్పేది?"

"అవుతోంది పాపా."

"చూసింది మర్చిపో. పై పాస్కాకి నీకు నీళ్లిస్తాను. లోపల నిలబడొచ్చు."

ఆమె మిగిలిన బట్టను మడతపెట్టింది. "ఆయనకి ఏం పేరు పెడతారు?"

"విక్టర్."

"ఆయన పేరు ఆయనకి ఉంటుంది కదా పాపా."

"తెహాత్!" అన్నాడు. అది తిట్టూ కాదు, బతిమాలడమూ కాదు. ఆమె తల వంచుకుని బయటికి వచ్చేసింది.

ఆదివారం చర్చి నిండి, జనం గుమ్మం బయటికి, గుమ్మం నుంచి చింకి చాపల మీదికి పొంగారు. బిషప్ పంపిన మనిషికి మంచి కుర్చీ వేశారు. తెహాత్ తన చోట, గడపకు అవతల నిలబడింది. లోపల గోడ మీద, పాతగుడికి బొమ్మలేసిన చిత్రకారుడే గీసిన మరియమ్మ, ఒళ్లో బిడ్డ. చిత్రకారుడికి వేరే తల్లిని గీయడం రాదు. తగోషే గూట్లో తల్లి ఎలా కూర్చుందో ఈ తల్లీ అలాగే కూర్చుంది. పహోర్ పేరు కూడా పాతగుళ్లో ఆ తల్లి ఒళ్లో ఉన్న బిడ్డను, హోర్ దేవుణ్ణి చూసి పెట్టిందే. హోర్ బిడ్డ అంటే తల్లి ప్రపంచంతో పోట్లాడి దక్కించుకున్న బిడ్డ. తన బిడ్డ దక్కలేదు, కనీసం పేరైనా దక్కాలి.

పాపా సూరోస్ చేతులెత్తాడు. "ఉపవాసమున్నారు. ప్రార్థించారు. మన పరిశుద్ధుడు ఎవరికైనా తన పేరు చెప్పాడా?"

అది మాటవరసకు అడిగిన మాట. జవాబు ఆయన నోట్లో సిద్ధంగా ఉంది. తగోషే కోడలు నోరు తెరవబోయింది, తగోషే మోచేత్తో పొడిచింది.

"నాకు చెప్పాడు," అని గుమ్మం బయటినుంచి వినిపించింది.

తలలన్నీ వెనక్కి తిరిగాయి. ఉప్పుదానికా? ఉప్పుదాని కల్లోకా? ఎవరో నవ్వారు. తెహాత్ ద్వారబంధాన్ని చేత్తో పట్టుకుంది.

"నేను చుట్టిన రాత్రి వచ్చాడు. చుట్టినందుకు సంతోషించానన్నాడు. నా పేరు పహోర్, ఆ పేరుతోనే పిలవండి అన్నాడు."

పాపా సూరోస్ చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది. ఈ ఊళ్లో ఆ పేరు తెలిసిన మనిషి ఆమె తర్వాత ఆయనొక్కడే. ఆయన నోటితోనే అడిగి తెలుసుకున్నాడు. ఇప్పుడు కాదంటే ఎందుకు కాదో చెప్పాలి. చెబితే పరిశుద్ధుడూ పోతాడు, పాపా కూడా పోతాడు.

"పహోరా?" డీకన్ పామీన్ లేచాడు. "అది పాత దయ్యం పేరు! హతసాక్షికి దయ్యం పేరుంటుందా?"

"నీ పేరేంట్రా?" అని వెనకనుంచి తగోషే కేకేసింది. "పామీన్ అని పాత మీన్ దేవుడి పేరు నీకుండొచ్చు, ఆయనకి హోర్ పేరుండకూడదా? ఆ కాలంలో అమ్మలు పెట్టిన పేర్లే అవి. పుట్టినప్పుడే వాళ్లకి విక్టర్ అని తెలుసా ఏంటి?"

జనం గొల్లున నవ్వారు. నవ్వులోనే ఎవరో, "పహోర్!" అన్నారు. పాదాల దగ్గర ఏడ్చిన గొడ్రాలు "అయ్యా పహోర్, నన్ను చూడు!" అని బావురుమంది. అంతే, గాలికి చేను వంగినట్టు చర్చంతా ఆ పేరు అందుకుంది. తెహాత్ కళ్లు మూసుకుంది. ఇన్ని గొంతులు. ఒక్క గొంతుతో, ఒక్క కుండతో ఇన్నాళ్లు పోసిన నీళ్లు ఎంత?

పాపా సూరోస్ జనం సద్దుమణిగేదాకా ఆగాడు. తర్వాత గుమ్మం వైపు నేరుగా చూశాడు.

"ఎవరి కొడుకో కూడా చెప్పాడా?"

బిషప్ మనిషి కూడా ఆసక్తిగా మెడ చాచాడు. తెహాత్ పాపా కళ్లలోకి చూసింది. ఆయన పేరు ఇస్తున్నాడు, దాని వెల అడుగుతున్నాడు.

"చెప్పలేదు పాపా," అంది. "నాకు తల్లి లేదన్నాడు."

"ఆమెన్," అన్నాడు పాపా సూరోస్.

ఆ తర్వాత ఆయన హతసాక్షి కథ చెప్పాడు. చెప్పడం మొదలుపెట్టినప్పుడు తడబడ్డాడు గానీ, కాసేపటికి కథ తనంతట తనే నడిచింది. హతసాక్షి కథల్లో కొడుకు ఎంత మంచివాడైతే ఇంట్లో ఎవరో ఒకరు అంత చెడ్డవాళ్లు కావాలి. ఎదురూరాయనకి చెడ్డ తండ్రి ఉన్నాడు. ఈ ఊరికి తల్లి దొరికింది. పహోర్ తల్లి విగ్రహాలను కొలిచేదట. శవాలతో మంత్రాలు చేసేదట. కొడుకు క్రీస్తును నమ్ముకున్నాడని తెలిసి, తానే చెయ్యి పట్టుకుని ఈడ్చుకెళ్లి అధికారికి అప్పగించిందట. చంపేటప్పుడు దగ్గరుండి చూసిందట. ఆ మాట అన్నప్పుడు పాపా సూరోస్ గుమ్మం వైపు చూడలేదు. తన పాదాలవైపు చూసుకున్నాడు.

ఆడవాళ్లు ఛీ ఛీ అని నేల మీద ఉమ్మారు. తగోషే వెనక్కి తిరిగి చూసింది. "విన్నావా? కన్నకొడుకునట! అదేం ఆడదే, అది నరకంలో కాలిపోను!"

"అవునక్కా," అంది తెహాత్. "కాలిపోవాలి."

వరుస కట్టించారు. ఇవాళ పండగ కాబట్టి గుమ్మం బయటివాళ్లను కూడా రానిచ్చారు, అందరికన్నా చివర. ఎండ దిగేదాకా నిలబడితే గానీ ఆమె వంతు రాలేదు. పాదాలు ముద్దుల తడికి మెత్తబడుతున్నాయి. ఇలాగే వదిలేస్తే వచ్చే వరదకల్లా చెడిపోతాయి. రేపు వచ్చి ఆరబెట్టాలి, పాపాని అడగాలి. కాదనలేడు.

ఆమె వంగి, వంకర వేలికి పెదవులానించింది.

"పహోర్," అంది. చర్చంతా పొద్దున్నుంచి అదే మాట అంటోంది కాబట్టి ఎవరూ తిరిగి చూడలేదు.

"కానీ, కానీ, ఎంతసేపు?" అని డీకన్ పామీన్ వెనకనుంచి తొందరపెట్టాడు. "నువ్వొక్కదానివేనా ఆయనకి?"

తెహాత్ లేచి పక్కకు తప్పుకుంది.